పచ్చగట్టు ఇంటిపేరు

కబడ్డీ ఆటగాళ్ళు నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు. సినిమావాళ్ళు తిడుతున్నారనీ తెలుసు. రేడియోలో ప్రకటనలు చదివే ఒకావిడైతే మైకు కట్టేశారనుకొని నన్ను వంశంతో సహా తిట్టింది. అది మూడు జిల్లాలకు వినిపించింది. ఎవరినీ తప్పుపట్టను. ఆ నిబంధన రాసింది నేనే. దాని కింద పడింది కూడా నేనే గనుక ఈ కథ చెప్పుకునే హక్కు నాకు కొంచెం ఉందనుకుంటాను.

నా పేరు చెరుకువాడ నరహరి. శీర్షికల క్రమబద్ధీకరణ సంచాలకాలయంలో సూపరింటెండెంటుని. అలాంటి ఆఫీసు ఒకటుందని మీకు తెలియకపోతే సిగ్గుపడనక్కర్లేదు. పోస్టుమాన్‌కే తెలియదు, మా ఉత్తరాలు పక్కనున్న పశువుల ఆసుపత్రిలో ఇచ్చిపోతాడు. రాష్ట్రంలో పుట్టే పాటలు, సినిమాలు, ఆటల పేర్లన్నీ అక్షరక్రమంలో ఒక పెద్ద పుస్తకంలోకి ఎక్కించడం మా పని. ఎందుకని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

నేను కవిని కూడా. అంటే ఒక్క పాట రాశాను. ముప్పై ఏడేళ్ళ కిందట గణాంక శాఖలో కొత్తగా చేరి, పెసర దిగుబడి లెక్కలు రాయడానికి వేములదిబ్బ అనే ఊరు వెళ్ళాను. చేనుగట్టు మీద గొడుగు వేసుకొని కూర్చుంటే పాట తట్టింది. తట్టింది అనే మాటే అందరికీ చెబుతూ వచ్చాను.

పచ్చగట్టు మీద పిట్ట కూసింది
పేరు పెట్టి నన్నే పిలిచి పోయింది

మొత్తం మూడు చరణాలు. దిగుబడి రిజిస్టరు వెనక పేజీలో రాసుకొని, పైన 'పచ్చగట్టు' అని పేరు పెట్టి, కింద సంతకం చేశాను. రేడియోవాళ్ళు తీసుకున్నారు. పాడడానికొచ్చిన అమ్మాయి కాగితం చూసి, నా ముఖం కేసి ఒకసారి చూసి, కాగితం మడిచి పక్కనపెట్టి, ఏకబిగిన పాడేసింది. బాణీ కూడా ఎవరూ చెప్పలేదు. అంతటి ఏకసంథాగ్రాహిని నేనెక్కడా చూడలేదు. ఆరునెలల్లో పెళ్ళి చేసుకున్నాను. ఆవిడే సుగుణ.

ఇప్పటికీ వంట చేస్తూ ఆ పాట పాడుకుంటుంది. మూడు చరణాలూ అయ్యాక ఇంకేదో కూనిరాగం తీసి, తనలో తను నవ్వుకొని ఆపేస్తుంది. నా కవిత్వానికి పరవశించి నవ్వుతోందని ఇన్నేళ్ళూ నమ్మాను. మొగుళ్ళ నమ్మకాలు అలాగే ఉంటాయి.

గొడవంతా ఒక పదవీ విరమణ సభలో మొదలైంది. వేదిక మీద నన్ను 'పచ్చగట్టు రచయిత' అని పరిచయం చేశారు. హాలు దద్దరిల్లిపోయేలా చప్పట్లు కొట్టారు. నా కళ్ళు చెమ్మగిల్లాయి. కిందికి దిగగానే ఒకాయన నా చెయ్యి పట్టుకొని, "ఆ కొడవలి సీను ఎలా రాశారండీ బాబూ, ఒకే గట్టు మీద పదకొండు మందిని" అన్నాడు. ఆయన్ని తోసుకుంటూ అకౌంట్సు సెక్షన్ గుమాస్తా వచ్చి, "సార్, పదిహేడో లెవెల్లో గేదె అడ్డం వస్తంది. ఎగిరి దాటాల్నా, పక్కనించి పోవాల్నా?" అని అడిగాడు.

ఆ సాయంత్రం ఫోనులో వెతికాను. పచ్చగట్టు అనే సినిమా ఉంది, పొలం తగాదాలో పదకొండు హత్యలు. పచ్చగట్టు అనే ఆట ఉంది, పంచె కట్టుకున్నవాడొకడు గట్ల మీద గేదెల్ని తప్పించుకుంటూ పరుగెత్తుతాడు. పచ్చగట్టు టిఫిన్ సెంటరు కూడా ఉంది, పెసరట్టు బాగుంటుందట. నా పాట ఎక్కడా లేదు. రేడియో కేంద్రానికి ఫోను చేస్తే, ఆ టేపు మీద యూరియా వాడకం గురించి ప్రసంగం రికార్డు చేశామని చెప్పారు.

ఒళ్ళు మండిపోయింది. రెండు నెలల్లో రిటైరవుతాను. ఉన్నది ఒక్క పాట. మా పెద్ద పుస్తకంలో ఆ పేరు పక్కన నా పేరు పడాలి, ఇంకెవరి పేరూ ఉండకూడదు. అంతే నా కోరిక. దాన్ని ప్రజాప్రయోజనం అని పేరు మార్చి నోటు రాశాను.

నోటులో నేను వాడిన తర్కం ఇప్పటికీ ఎవరూ కాదనలేరు. ఒకే పేరుతో ఇద్దరు మనుషులుంటే మనవాళ్ళు ఏం చేస్తారు? ఇంటిపేరుతో పిలుస్తారు. పాటలకీ సినిమాలకీ ఆటలకీ ఇంటిపేర్లు లేకపోవడమే ఈ గందరగోళానికి కారణం. కాబట్టి ప్రతి కృతికీ విధిగా ఇంటిపేరు ఉండాలి. ఒకే పేరున్న వాటిలో ముందు పుట్టినదానికి మాత్రం పెద్దరికం కింద ఇంటిపేరు మినహాయింపు, కర్త పేరుతో పుస్తకంలో ప్రథమ నమోదు.

మా సంచాలకులు భుజంగరావు గారు నోటు రెండుసార్లు చదివారు. ఆయన టీ అడగాలన్నా 'తేనీటి విషయమై తగు చర్య తీసుకోబడినదా' అని అడిగే మనిషి.

"నరహరి గారూ, సదరు సమస్య యొక్క తీవ్రత నన్ను కలచివేయుచున్నది," అన్నారు. "ఇన్నేళ్ళుగా ఈ రాష్ట్రంలో పాటలు ఇంటిపేరు లేక తిరుగుతున్నాయంటే అది మనకే అప్రతిష్ఠ. అయితే ఇంటిపేరుతో సరిపెట్టడం అసమగ్రం. ఇంటిపేరు వచ్చిన చోట కుటుంబం వచ్చును. కుటుంబం వచ్చిన చోట పెళ్ళిళ్ళు వచ్చును. సమగ్రంగా రాయండి."

సమగ్రంగా రాశాను. చేతిలో కలం ఉన్న గుమాస్తాని సమగ్రంగా రాయమంటే కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే. పాట ఆడపిల్ల, ఎందుకంటే సినిమాలోకి వెళుతుంది. సినిమా మగపిల్లవాడు. ఆట ఎప్పటికీ ముగియదు గనుక శాశ్వత మైనరు. పాట సినిమాలో చేరితే అది వివాహం. ఇంటిపేరు మారుతుంది, తహసీల్దారు ధ్రువపత్రం కావాలి. ఆ పాటని తర్వాత టీవీలో పాడితే పుట్టింటికి వెళ్ళినట్టు, అత్తవారి అనుమతి పత్రం జతపరచాలి. వారం తిరక్కుండా ఉత్తర్వులొచ్చాయి.

మొదటి దెబ్బ రేడియోకి తగిలింది. అయిదు నిమిషాల పాటకి ముందు ఇంటిపేరు, తండ్రిపేరు, పుట్టిల్లు, మెట్టినిల్లు చదవాలి. శ్రోతలు పెళ్ళి శుభలేఖ చదువుతున్నారనుకొని ఆశీర్వచనాలు రాసి పంపారు.

రెండో దెబ్బ కబడ్డీకి. ఎవరో అదే పేరుతో పాటొకటి నమోదు చేశారు. ఆటకి పుట్టినతేదీ కాగితం లేక పెద్దరికం దక్కలేదు, దాంతో ఇంటిపేరు పెట్టుకోవలసి వచ్చింది. ఆటకి తండ్రెవరో తేలకపోతే జిల్లా క్రీడాసంఘం అధ్యక్షుడి ఇంటిపేరు ఇచ్చాం. ఆయన నూతలపాటివారు. ఇక కూతకి వెళ్ళేవాడు 'నూతలపాటివారి కబడ్డీ, నూతలపాటివారి కబడ్డీ' అంటూ వెళ్ళాలి. మొదటి పోటీకి నేనే పరిశీలకుడిగా వెళ్ళాను. రెండువైపులనుంచీ బయల్దేరిన కుర్రాళ్ళు నడిమి గీత చేరేలోపే ఊపిరి అయిపోయి నిలబడిపోతున్నారు. ఎవరూ ఎవరినీ ముట్టుకోలేదు. సున్నాకి సున్నా. క్రీడల్లో గాయాలు పూర్తిగా తగ్గాయని భుజంగరావు గారు పైకి నివేదిక పంపారు.

ఆ పోటీ అయిన మూడోరోజు 'పచ్చగట్టు' సినిమా తీసిన నిర్మాత బుల్లెబ్బాయి గారు మా ఆఫీసుకొచ్చారు. తెల్లచొక్కా, తెల్లచెప్పులు, ఎర్రటి కళ్ళు.

"అయ్యా, నా కొత్త సినిమా 'మేనరికం'. అందులో 'మేనరికం' అని ఒక పాట. మీవాళ్ళు ఆ పాట ఆ సినిమాలో పెట్టకూడదంటున్నారు. నా పాట నా సినిమాలో పెట్టుకోడానికి అడ్డేంటండీ?"

భుజంగరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "రెండిటి ఇంటిపేరూ మీదే కదా?"

"నాదేనండి. నేనే తీశాను గదా."

"ఒకే ఇంటిపేరు. అన్నాచెల్లెళ్ళ వరస. సంబంధం కలవదు. నిబంధన తొమ్మిది చూడుడు."

"మరి నేనేం చెయ్యాలండీ?"

"అన్యుల కుటుంబంలోని పాటను తెచ్చుకొనవలెను. మీ పాటను అన్యులకు ఇచ్చుకొనవలెను."

బుల్లెబ్బాయి గారు పదిరోజులు తిరిగి, దయ్యాల సినిమా తీస్తున్న ఒకాయనతో కుండమార్పిడి కుదుర్చుకున్నారు. ఆయన పాట ఈయనకి, ఈయన పాట ఆయనకి. దాంతో 'మేనరికం' సినిమాలో పెళ్ళికూతురు పసుపు రాయించుకుంటూ 'నీ నెత్తురు తాగుతా' అని పాడింది. దయ్యాల సినిమాలో శ్మశానం మధ్య దయ్యం 'బావా, బుగ్గ గిల్లకు' అని పాడింది. దయ్యం సినిమా బాగా ఆడిందని విన్నాను.

ఇవన్నీ చూస్తూ నాకు నవ్వూ రాలేదు, సిగ్గూ రాలేదు. నా ధ్యాసంతా పచ్చగట్టు మీదే. మూడు దరఖాస్తులొచ్చాయి. సినిమా తరఫున బుల్లెబ్బాయి గారిది, ఆట తరఫున దాన్ని తయారుచేసిన కంపెనీది, పాట తరఫున నాది. ముందు పుట్టింది నాదేనని నాకు తెలుసు. ఆటకి నాలుగేళ్ళు, సినిమాకి పదకొండు, నా పాటకి ముప్పై ఏడు. ప్రథమ నమోదు ఎలా రాయాలో కాగితం మీద నాలుగు రకాలుగా రాసి చూసుకున్నాను కూడా.

"ఒక్కటే చిక్కు," అన్నారు భుజంగరావు గారు. "దరఖాస్తుదారూ మీరే, పరిశీలకుడూ మీరే. పక్షపాతం అన్న మాట రాకుండా స్థానిక విచారణ జరిపించవలెను. పాట పుట్టిన ఊరికి విచారణాధికారిని పంపండి. ముగ్గురు సాక్షుల వాంగ్మూలం, పంచనామా."

విచారణాధికారి మస్తాన్‌వలి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నిజాయితీపరుడని పేరు. నేనే ఏరికోరి వేశాను. అతను వేములదిబ్బ వెళ్ళి రెండురోజులుండి వచ్చాడు. విచారణ రోజు పొద్దున నా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, పంచనామా మీరొక్కరే ముందు చదూకుంటే బాగుంటదేమో."

"విచారణ బహిరంగం వలీ. పత్రాలన్నీ సూపరింటెండెంటు అందరి ముందూ పైకి చదవాలి. నిబంధన పదకొండు. రాసింది నేనే."

"అది కాద్సార్..."

"నిబంధన నిబంధనే," అన్నాను. ఆ మాట అన్న గొంతు ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

హాలు నిండింది. బుల్లెబ్బాయి గారు ముందు వరసలో కూర్చున్నారు. ఆట కంపెనీవాళ్ళు ఒక లాయరుని పంపారు, ఆయన ఒళ్ళో ఫోను పెట్టుకొని గేదెల్ని దాటుతున్నాడు. నా తరఫు మొదటి సాక్షి సుగుణ, రేడియోలో పాడిన మనిషి. పట్టుచీర కట్టుకు రమ్మంటే నేతచీర కట్టుకొచ్చి, గోడవారగా కూర్చుంది. పొద్దుటినుంచీ ఎందుకో నా కళ్ళలోకి చూడడం లేదు. సంతోషం పట్టలేక అనుకున్నాను.

లేచి నిలబడి, గొంతు సవరించుకొని, పంచనామా చదవడం మొదలుపెట్టాను.

"వేములదిబ్బ కాపురస్తురాలు నాంచారమ్మ, వయస్సు సుమారు ఎనభై రెండు, వృత్తి వ్యవసాయ కూలి, చెప్పిన వాంగ్మూలం ఏమనగా: ఆ పాట మా అత్త పాడేది. ఆవిడ అత్త కూడా పాడేదంట. పెసరకాయ కోసేప్పుడు నడుం నొప్పి తెలీకుండా పాడుకుంటాం. ఎవరు రాశారంటే ఏం చెప్పను నాయనా, రాయడం మాలో ఎవురికొచ్చు? ఒకతె ఒక ముక్క కలిపిద్ది, ఇంకోతె ఇంకో ముక్క కలిపిద్ది."

ఇక్కడ నా గొంతు కొంచెం తగ్గింది. భుజంగరావు గారు, "కొనసాగించవలెను," అన్నారు.

"పాట పేరేమిటని అడుగగా: పాటకి పేరెందుకయ్యా, పాడితే తెలుస్తది గదా. ఎవరైనా బయటివారు ఈ పాట రాసుకున్నారా అని అడుగగా: ఎప్పుడో ఒక లెక్కలబాబు వచ్చాడు. గట్టు మీద గొడుగేసుకు కూర్చున్నాడు. మేం పాడతా ఉంటే వెనకనించి రాసుకున్నాడు. పాపం ఎండలో బాబుకి తోచడం లేదు కామోసని ఇంకాస్త గట్టిగా పాడాం. అర్థంగాని మాట ఉంటే మళ్ళీ అనమనేవోడు."

అది నిజం. 'పెందలాడె' అన్న మాట రెండోసారి అనిపించుకున్నాను. ఆ ఎండ, ఆ గొడుగు, నాంచారమ్మ తలగుడ్డ, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. ఇన్నేళ్ళూ మర్చిపోయానని చెప్పుకోవచ్చు. మర్చిపోలేదు. తలుచుకోవడం మానేశానంతే. కవిగారి కథకి ఆ ఆడవాళ్ళు అడ్డొచ్చారు, వాళ్ళని తీసి పక్కన పెట్టాను.

"ఇంకా ఉన్నదా?" అన్నారు భుజంగరావు గారు.

ఉంది. "ఆ బాబు వెళ్ళిపోయాక ఆయన మీద కూడా ఒక ముక్క కట్టాం. ఇప్పటికీ పాడుకుంటాం. సదరు చరణము ఈ దిగువ పొందుపరచడమైనది."

నిబంధన పదకొండు ప్రకారం చదివాను.

గట్టు మీది బాబు గొడుగేసుకున్నాడు
కాయ కొయ్యలేడు, మోపు మొయ్యలేడు
కూసిన పిట్టనల్లా రాసుకున్నాడు

కింద ఇరవై ఆరు వేలిముద్రలు.

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. బుల్లెబ్బాయి గారు లేచి నిలబడ్డారు. "అయ్యా, మా అమ్మ కూడా అదే పాడేది. మాది పక్కూరే. పాట సంగతి మాకు పుట్టినకాణ్ణించీ తెలుసండి. పచ్చగట్టు అన్న పేరు మాత్రం రేడియోలో ఇన్నాను. భలే పేరని సినిమాకి పెట్టుకున్నాను. ఈయన పెట్టారని నాకు తెల్దు."

లాయరు కూడా ఫోను ఆపి తలెత్తాడు. "మావాళ్ళు సినిమా చూసి పెట్టారండి," అన్నాడు.

భుజంగరావు గారు కళ్ళజోడు తీసి, జీవితంలో మొదటిసారి చిన్నమాటలు వాడారు. "నరహరి గారూ. మరి ఇందులో మీదేమిటి?"

"పేరండి."

"పాట?"

"కాదండి. పేరొక్కటే." ఊళ్ళోవాళ్ళ పాటకి నేను చేసిందల్లా దాని మొదటి మాట తీసి పైన పేరుగా పెట్టడం. సినిమావాళ్ళూ ఆటవాళ్ళూ టిఫిన్ సెంటరువాళ్ళూ నాలాగే ఎత్తుకుపోయింది కూడా ఆ మాటనే. దొంగసొత్తు మీద దొంగతనం జరిగిందని కేసు పెట్టాను.

నా దరఖాస్తు తిరస్కరిస్తూ నేనే ఉత్తర్వు రాశాను. సూపరింటెండెంటుగా సంతకం చేశాను. దరఖాస్తుదారుగా నకలు అందినట్టు ఇంకో సంతకం చేశాను. ముప్పై రోజుల్లోగా నాకు నేను అప్పీలు చేసుకోవచ్చని నాకు తెలియజేసుకున్నాను. పుస్తకంలో కర్త గడిలో నాంచారమ్మ మొదలుకొని ఇరవై ఆరు పేర్లు రాయబోతే గడి చాలలేదు. కాగితం అతికించి రాశాను. తర్వాత నిబంధనలే రద్దు చేయమని ఇంకో నోటు పెట్టాను. అది మూడోనాడు తిరిగొచ్చింది. 'రద్దు ప్రతిపాదన' అనే పేరుతో ఇప్పటికే వేరే ఫైలు నడుస్తున్నందున, ఈ ఫైలుకు ఇంటిపేరు చేర్చి తిరిగి సమర్పించవలెనని భుజంగరావు గారు రాశారు.

విచారణ రోజు ఇంటికెళ్ళాక చాలాసేపు చొక్కా కూడా విప్పలేదు. సుగుణ వంటింట్లో పొయ్యి వెలిగించింది. వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"నీకు ముందే తెలుసు కదూ."

"మా అమ్మమ్మ పుట్టినూరు వేములదిబ్బే గదండీ. వేసవికి పోయినప్పుడల్లా చేలోకి తీసుకుపొయ్యేది. మీరెప్పుడూ అడగలేదు."

"మరి ఆ రోజు రేడియోలో చెప్పొచ్చుగా."

సుగుణ గరిటె పక్కన పెట్టింది. "ఎట్టా చెప్పనండీ. నేనే రాశానండీ అని కాగితం ఇచ్చి, పరీక్ష రాసినోడు మార్కులకోసం చూసినట్టు నా మొహంలోకి చూశారు. పోనీలే, పాట నచ్చబట్టే గదా రాసుకున్నాడు, మంచోడే అయ్యుంటాడనుకున్నాను."

"ముప్పై ఏడేళ్ళు."

"మొదట్లో చెప్దామనుకునేదాన్ని. తర్వాత ఎవరింటికెళ్ళినా మీరు ఆ పాట సంగతే చెప్పేవాళ్ళు. చెప్తున్నప్పుడు మీ మొహం బాగుండేది."

నాకు ఏడుపొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చబోయాను గానీ కుదరలేదు. ఆవిడ చూడనట్టు అటు తిరిగింది.

"నాలుగో చరణం దగ్గర నవ్వేదానివి," అన్నాను.

"పెళ్ళైన ఏడాది మీరు ట్రైనింగుకి పోయారు గదా, అప్పుడు అమ్మమ్మతో వెళ్ళాను. అందరూ అదే పాడుతున్నారు. గొడుగు అనగానే మీరేనని తెలిసిపోయింది."

"పాడు."

"ఇప్పుడా?"

"ఎప్పుడూ నా ముందు పాడలేదుగా."

పాడింది. పంచనామాలో నేను చదివినప్పుడు అది నేరారోపణలా ఉంది. ఆవిడ పాడుతుంటే అలా లేదు. ఎండలో కూర్చున్న ఒక చేతగాని కుర్రాడిని చూసి ఇరవై ఆరు మంది ఆడవాళ్ళు నవ్వుకున్నట్టుంది. పుస్తకంలోకెక్కాలని ఇంత రాద్ధాంతం చేశాను. ఎక్కవలసినచోట ఎప్పుడో ఎక్కించారు, పేరు లేకుండా, గొడుగుతో సహా.

ఒక మాట సరిగా వినబడలేదు. మళ్ళీ అనమని, అలవాటుకొద్దీ జేబులోంచి కలం తీశాను. సుగుణ పాడడం ఆపి ఆ కలం కేసి చూసింది. మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

రేపటి పెసరట్టుకి పెసలు చేటలో పోసి ఉన్నాయి. ఆ చేట నా ముందుకు తోసి, "కూర్చుని రాళ్ళేరండి," అంది. కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ మొదటినుంచి అందుకుంది.